కొల్లేరు నీళ్లలో దిగడానికి మా థార్‌కి చేయించిన పనులు: నా అనుభవం

బండికి స్నార్కెల్, అంటే ఇంజిన్ పీల్చే గాలిని ఎత్తు నుంచి తెచ్చే గొట్టం, పెట్టించాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఎంతయింది?" అని. రూపాయితో సహా చెప్తాను. కానీ అంతకంటే ముందు ఒక మాట. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఆ గొట్టానికే పోయింది, అసలు పని మాత్రం బండి కింద, మనకి కనపడని చోట జరిగింది. గొట్టం ఒక్కటి బిగించుకుని నీళ్లలో దిగేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు నిజంగా భయమేస్తోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేముండేది విజయవాడలో. మా మేనత్త వాళ్లది కైకలూరు వైపు కొల్లేరు లంకల్లో ఒక ఊరు, చేపల చెరువులు. అత్తయ్యకి కిడ్నీలు పాడై సోమవారం, గురువారం ఏలూరులో డయాలసిస్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అందరూ విజయవాడనే చూశారు గానీ, బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే కదా. తమ్మిలేరు, రామిలేరు వచ్చేదీ అక్కడికే, అన్నీ కలిసి సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. అందుకే అక్కడ పెద్ద వరదొస్తే నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలబడిపోతాయి. ఆ నీళ్లలో అత్తయ్యని ట్రాక్టర్ ట్రక్కులో కుర్చీ వేసి, అటొకరు ఇటొకరు పట్టుకుని బయటికి తెచ్చారు. అప్పటికే ఒక విడత డయాలసిస్ తప్పింది. కాళ్లు మొహం వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంది. అది చూశాక మళ్లీ వానాకాలం వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలనే నిర్ణయం నాది, మా మావయ్యది.

బండి 2021 మహీంద్రా డీజిల్ థార్, మాన్యువల్ గేర్లు. కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, అంటే 65 సెంటీమీటర్లు. దీని టైరు 255/65 ఆర్18, లెక్క వేస్తే ఎత్తు దాదాపు 79 సెంటీమీటర్లు వస్తుంది. అంటే కంపెనీ వాళ్లు ఒప్పుకునే లోతు టైరు పైఅంచు దాకా కూడా కాదు, దానికి 14 సెంటీమీటర్లు కిందే. ఈ లెక్క మనసులో పెట్టుకుని చదవండి, ఎందుకంటే ఇక్కడ లోతు అని నేను రాసిన ప్రతిసారీ టైరుతో పోల్చి చూసుకుంటే మీకు సులువుగా అర్థమవుతుంది.

మే 12న ఆటోనగర్ వెళ్లాను. ముందు ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే, పొద్దున్న ఇస్తే సాయంత్రానికి బిగించి ఇచ్చేస్తాం, ఇక మీటరు లోతులో కూడా వెళ్లిపోవచ్చన్నారు. బండి కిందకి వంగి చూసినవాళ్లు ఒక్కరు లేరు. నాకు నమ్మకం కలగలేదు, బయటికి వచ్చేశాను. మా నాన్న అంబాసిడర్ కాలం నుంచి చేయించుకునే మెకానిక్ ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను, ఆయన షెడ్డుకి వెళ్లాను. విషయం చెప్పగానే ఆయన ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఒక కనెక్టింగ్ రాడ్, అంటే ఇంజిన్లో పిస్టన్‌ని పైకీ కిందకీ ఆడించే కడ్డీ, తెచ్చి నా చేతిలో పెట్టారు. జానెడు ఉక్కు ముక్క, నడుము దగ్గర వంకర తిరిగి ఉంది. వంగిన చోట లోపలి వైపు ముడతలా పడి, పక్కన గిరగిరా రాసుకున్న గీతలు మెరుస్తున్నాయి. బుడమేరు వరదలో మునిగిన కారుదట. నీళ్లు తీశాక ఓనరు తాళం తిప్పి స్టార్ట్ చేసి చూశాడట. "గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు అబ్బాయ్. పిస్టన్ పైకి రావాలి, నీళ్లు పోనివ్వవు, మధ్యలో వంగాల్సింది ఇదే" అన్నారు. డీజిల్ ఇంజిన్లో గాలిని పెట్రోలు బండికంటే చాలా ఎక్కువగా నొక్కుతారు కాబట్టి కొన్ని చెంచాల నీళ్లు చాలు, పని అయిపోతుందన్నారు. ఆ వరద తర్వాత నెలల తరబడి తన షెడ్డులో ఇలాంటివే విప్పానని చెప్పారు. ఆ రాడ్ బరువు నా చేతికి ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత ఆయన "గొట్టం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇటు రా" అని బండిని ర్యాంపు ఎక్కించారు. ఆ గంటలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, బండిలో గాలి పీల్చేది ఇంజిన్ ఒక్కటే కాదు. గేర్ బాక్సు, ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బాలు ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ప్రతిదానికీ పైన బ్రీదర్ అని ఒక చిన్న మూత ఉంటుంది. బండి నడిస్తే లోపల ఆయిల్ వేడెక్కి గాలి పెరుగుతుంది, అది బయటికి పోవడానికి. గంటసేపు హైవే మీద వచ్చి డిఫరెన్షియల్ చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లలో దింపామనుకోండి, లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని బయటి నుంచి పీలుస్తుంది. అప్పుడు ఆ మూత నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లే. మూత గట్టిగా మూసేస్తే సరిపోదా అని అడిగాను. మూసేస్తే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి పీలుస్తుంది, పైగా మామూలు రోజుల్లో వేడికి సీళ్లే తన్నుకుపోతాయన్నారు. కాబట్టి మూతలు తీసేసి, వాటి స్థానంలో పైపులు పెట్టి, బానెట్ కింద అన్నిటికంటే ఎత్తున ఉండే చోటికి తీసుకెళ్లాలి.

ఆ పని మే నెల ఆఖరి వారంలో జరిగింది. రెండు రోజులు బండి షెడ్డులోనే ఉంది. ఆయిల్‌కి, వేడికి తట్టుకునే సన్నటి హోస్ పైపు, ఇత్తడి నిపుల్స్, క్లిప్పులు, చివర చిన్న ఫిల్టరు, కూలీతో కలిపి 3,200 రూపాయలు. ఇందులో బాబాయ్ పట్టుబట్టిన సంగతులు రెండున్నాయి. వెనక యాక్సిల్ గోతుల్లో పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి అక్కడ పైపు వదులుగా ఉండాలి, బిగువుగా కడితే మొదటి గోతికే ఊడొస్తుంది. అలాగే పైపు ఎక్కడా ఊయలలా కిందకి వేలాడకూడదు, వేలాడితే ఆ వంపులో తేమ చేరి అదే అడ్డం పడుతుంది. పనిలో పనిగా నాలుగింటిలోనూ ఆయిల్ మార్పించాను, 4,800. ఇది తప్పకుండా చేయించుకోండి. కొత్త ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంటుంది, రేపు నీళ్లలోంచి వచ్చాక చుక్క తీసి చూస్తే నీరు కలిసిందో లేదో అప్పుడే తెలుస్తుంది. పాత నల్లటి ఆయిల్లో అంత తేలిగ్గా పోల్చుకోలేం.

స్నార్కెల్ కిట్ మే 15నే ఆర్డరిచ్చాను, 18,500. వారంలో వస్తుందన్నారు. వచ్చింది మాత్రం జూన్ మొదటి వారం దాటాక. ఆ మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చేసినా "దారిలో ఉంది సార్" అన్న మాటే. ఒక పక్క నైరుతి వచ్చేసిందని వార్తల్లో చెప్తున్నారు, నాకేమో టెన్షన్. ఆర్డరిచ్చేవాళ్లు మార్చిలోనే ఇచ్చేయండి, వానలు దగ్గర పడేకొద్దీ అందరికీ ఇదే గుర్తొస్తుంది.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఇన్సూరెన్స్ పని పెట్టుకున్నాను. ఇది చాలామంది పట్టించుకోరు. మామూలు పాలసీలో, నీళ్లు పీల్చి ఇంజిన్ పోతే అది పర్యవసాన నష్టం, అంటే నేరుగా కాకుండా తర్వాత జరిగిన నష్టం అని పక్కన పెట్టేస్తారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ తీసుకోవాలి. దాంట్లో కూడా నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే పేచీ పెట్టే షరతులుంటాయి, చిన్న అక్షరాలన్నీ చదవండి. ఇక బండికి మార్పు చేస్తే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదని తీర్పిచ్చింది. స్నార్కెల్ దాని కిందకి వస్తుందా రాదా అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. నోటిమాటలు మనకి రేపు అక్కరకు రావు కాబట్టి బిల్లు, ఫోటోలు, దరఖాస్తు జతచేసి ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టాను. ఇన్‌స్పెక్షన్‌కి మనిషి రావడానికే రెండు వారాలు, బిగించాక మళ్లీ ఫోటోలు, చివరికి పాలసీలో ఎక్కినట్టు కాగితం చేతికొచ్చేసరికి జూన్ అయిపోవచ్చింది. అదనంగా కట్టింది 2,900. ఫోర్స్ గూర్ఖా లాంటి బండికి స్నార్కెల్ కంపెనీ నుంచే వస్తుంది, 700 మిల్లీమీటర్ల లోతు వాళ్లే చెప్తారు. కొత్తగా బండి కొనే ఆలోచనలో ఉండి, ఇలాంటి ఊళ్లో ఉండేవాళ్లయితే ఈ తలనొప్పి లేని దారి అది.

కిట్ వచ్చాక బిగించే రోజు నేను షెడ్డులోనే కూర్చున్నాను. మడ్‌గార్డు మీద కాగితం అతికించి, రంధ్రం ఎక్కడో గీసి, హోల్‌సా పెట్టి డ్రిల్లు నొక్కినప్పుడు వచ్చిన ఆ కీచు శబ్దానికి నా కడుపులో తిప్పింది. గీత పడకుండా చూసుకున్న బండి. రంధ్రం అంచున తెల్లగా బయటపడ్డ రేకుకి రెండు పూతలు ప్రైమర్ వేసి, మర్నాటిదాకా ఆరనిచ్చి అప్పుడు గొట్టం బిగిస్తానన్నారు బాబాయ్. కొల్లేరు గాలికి, నీళ్లకి పచ్చి రేకు నెలలో తుప్పు పట్టేస్తుంది. ఈ ఒక్క రాత్రి ఆగడం ఇష్టంలేని షాపులు రంధ్రం కొట్టిన పది నిమిషాల్లో గొట్టం బిగించేస్తాయి, తుప్పు లోపల మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి మడ్‌గార్డు మార్చాల్సిందే. బిగింపు కూలీ 4,000.

బిగించేశాక అయిపోయిందనుకోకండి. గొట్టం పైకి ఉన్నంత మాత్రాన గాలి అక్కడి నుంచే వస్తుందని నమ్మకమేమీ లేదు. మధ్యలో ఏ అతుకు దగ్గర సందున్నా నీళ్లలో ఉన్నప్పుడు అక్కడి నుంచి నీళ్లే లాగుతుంది. దానికి పొగ పరీక్ష చేశారు, 800 రూపాయలు. చిన్న మిషన్‌తో గొట్టంలోకి మెల్లగా పొగ ఊదుతారు, ఎక్కడ లీకుంటే అక్కడ పొగ బయటికి వస్తుంది. నేను టార్చి పట్టుకున్నాను. రబ్బరు బెలోస్ (ముడతల గొట్టం) దగ్గర ఒక క్లిప్పు కింద సన్నగా పొగ లేచింది, అది ఊహించిందే. రెండోది ఊహించనిది: ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగు నుంచి. అక్కడ వాన చుక్కలు, తేమ కారిపోవడానికి చిన్న రంధ్రం, దానికి మెత్తటి రబ్బరు నాలుక. చాలా బండ్లలో ఉంటుంది. అది అలాగే వదిలేసి ఉంటే పైన గొట్టం ఎంత ఎత్తున పెట్టినా కింద నుంచి నీళ్లు తాగేది. దాన్ని తీసేయగలిగిన బిరడాతో మూశారు, వానాకాలం పోయాక మళ్లీ తెరవాలి. స్నార్కెల్ పెట్టించుకున్నవాళ్లు ఇవాళే వెళ్లి ఈ డబ్బా అడుగున చేయి పెట్టి చూసుకోండి.

వైర్ల పని చిన్నదే గానీ ఓపిక కావాలి. కింద వైపున్న ప్రతి కప్లరూ విప్పి, ఎలక్ట్రికల్ కనెక్షన్ల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు రాసి మళ్లీ నొక్కడం. సెల్ఫ్ మోటారు, డైనమో, ఫాగ్ లైట్లు, హారన్. నంబర్ ప్లేటు వెనక అల్యూమినియం రేకు కూడా వేయించాను, ఎందుకంటే నీళ్ల ఒత్తిడికి ముందు ప్లేటు వంగి ఊడిపోవడం చాలా మామూలట. అన్నీ కలిపి 1,100.

తలుపుల చుట్టూ కూడా సిలికాన్ కొట్టించి చుక్క రాకుండా చేద్దామా అంటే బాబాయ్ ఒప్పుకోలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించారు. బండి ఫ్లోరు సుమారు ఒకటిన్నర మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు అనుకోండి. ఫ్లోరు మట్టం మీద ప్రతి 10 సెంటీమీటర్ల నీటికీ 375 కిలోల బరువు తేలిపోతుంది. అదే 30 సెంటీమీటర్లయితే పదకొండు వందల కిలోలు దాటింది, బండి మొత్తం పదిహేడు పద్దెనిమిది వందల కిలోలు. నీళ్లు లోపలికి రాకుండా బిగించిన బండి పడవలా తేలుతుంది, టైరుకి పట్టు పోతుంది, పారే నీళ్లయితే ఎటు తోస్తే అటు పోతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా టైరు నేల మీద ఆనితేనే కదా పని చేసేది. ఆ కాగితం నేను దాచుకున్నాను. మేం పెట్టుకున్న హద్దు అక్కడే తేలింది: కదలని నీళ్లలో 75 సెంటీమీటర్లు, అంతే. పారే నీళ్లలో దిగడం లేదు. ముందు చక్రం వెనక బండి ఒంటి మీద 65 దగ్గర పసుపు టేపు, 75 దగ్గర ఎర్ర టేపు అతికించాం.

పరీక్ష ఎక్కడ చేయాలా అని ఆలోచిస్తుంటే మావయ్యే చెప్పాడు. వేసవిలో ఎండగట్టిన చెరువుల్లోకి మళ్లీ నీళ్లు పెట్టే రోజులవి. చేపల లారీ దిగడానికి కంకర పోసిన ర్యాంపు ఉన్న చెరువొకటి ఉంది, అడుగు గట్టిది, నీళ్లు మనం పెట్టినంతే ఉంటాయి. సున్నం చల్లకముందే చేసుకోవాలన్నాడు. జూన్ 22 ఆదివారం పొద్దున్నే వెళ్లాం. వెదురు కర్ర మీద గీతలు పెట్టి పాతాం. ముందు 40 సెంటీమీటర్ల దగ్గర దిగడం, బయటికొచ్చి చూసుకోవడం, మోటారు వేసి నీళ్లు పెంచడం, మళ్లీ దిగడం. పొద్దు వాలేదాకా ఇదే పని. ప్రతిసారీ దిగేముందు అరగంట ఇంజిన్ ఆపి చల్లారనిచ్చాం. యాక్సిళ్ల కోసమే కాదు, బీఎస్6 డీజిల్ బండికి కింద పొగ ఫిల్టరు సలసలా కాగుతుంటుంది, అది ఒక్కసారి చల్లటి నీళ్లలో పడటం మంచిది కాదు.

నడిపే పద్ధతి చెప్తాను. "4 లో" (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే అమరిక) పెట్టి మొదటి గేరు, మనిషి నడిచే వేగం. ఏసీ ఆపాలి, ఫ్యాన్ ఊరికే తిరిగి నీళ్లని కొట్టకుండా. నీళ్లలో గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్యకి నీళ్లు, బురద వెళ్తాయి. ఆ వేగంలో వెళ్తుంటే బంపరు ముందు ఒక అల లేచి మనతోపాటే నడుస్తుంది, దాని వెనక ఇంజిన్ గదిలో నీటి మట్టం కాస్త తగ్గుతుంది. వేగం పెంచితే అల బానెట్ మీదకొస్తుంది, తగ్గిస్తే వెనక్కి వచ్చి రేడియేటర్ని ముంచుతుంది. ఒకే వేగం, కాలు కదలకూడదు. అద్దాలు దించి, సీటు బెల్టు తీసేసి నడిపాను, ఏదన్నా అయితే కిటికీలోంచి బయటపడాలి కాబట్టి. 75 దగ్గర మొదటిసారి దిగినప్పుడు తలుపు సందుల్లోంచి నీళ్లు వచ్చి పాదాలు తడిశాయి, సైలెన్సర్ నీళ్లలో బుడబుడమంటోంది, గుండె దడ. బయటికి వచ్చి నాలుగు చోట్లా ఆయిల్ చుక్క తీసి అరచేతిలో వేసుకుని చూస్తే తేనె రంగే. పాలు కలిసినట్టు కాలేదు. ఆ రోజు నాకు దక్కిన ఆనందం అంతా ఆ చుక్కల్లో ఉంది.

అసలు అవసరం ఆగస్టులో వచ్చింది. 13వ తేదీ బుధవారం రాత్రంతా వాన. గురువారం పొద్దున్న అత్తయ్య డయాలసిస్ రోజు. నేను ముందు రోజు సాయంత్రమే చేరుకున్నాను గానీ, తెల్లవారేసరికి పైన డ్రెయిను పొంగి ఊరి దారి మీదకి నీళ్లొచ్చాయి. అటూ ఇటూ చెరువులు, మధ్యలో దారి, అన్నీ ఒకే మట్టం. దారి అంచు ఒక అడుగు తప్పితే చెరువులో పడతాం. మావయ్య దగ్గర పనిచేసే అబ్బాయి, నేను వెదురు కర్రలు పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాం. తూము దగ్గర కొలిస్తే 84 సెంటీమీటర్లు, పైగా దారికి అడ్డంగా నీళ్లు పారుతున్నాయి. కర్ర నిలబెడితే చేతిలో వణుకుతోంది. ఎర్ర టేపు 75. వెనక్కి వచ్చేశాం.

ఆ రోజు ఇంట్లో గడిపిన గంటలు చాలా కష్టంగా గడిచాయి. ఇంత ఖర్చు పెట్టి చేయించిన బండి గుమ్మంలో ఉంది, అత్తయ్య మంచం మీద కూర్చుని నా వైపే చూస్తోంది, అడగలేదు గానీ చూస్తోంది. ట్రాక్టర్ వాళ్లు కూడా పారే నీళ్లలోకి రామన్నారు, వాళ్లన్నది సబబే. సెంటర్‌కి ఫోన్ చేస్తే నర్సు, ఒక రోజు ఆగవచ్చు, నీళ్లు కొలిచి తాగించండి, అరటిపళ్లు, కొబ్బరినీళ్లు అసలు వద్దు, ఆయాసం వస్తే వెంటనే ఫోన్ చేయండి, పడవైనా ఏర్పాటు చేయిద్దాం అంది. మర్నాడు ఆగస్టు 15, సెలవేమో అని అడిగాను. డయాలసిస్‌కి సెలవులుండవు, రండి అంది. ఆ మాటతో కాస్త ఊపిరి వచ్చింది. వాన మధ్యాహ్నానికి ఆగింది. సాయంత్రం కొలిస్తే 76, ఇంకా మెల్లగా పారుతోంది. చీకటి పడుతోంది, అప్పుడూ దిగలేదు.

శుక్రవారం పొద్దున్న తూము దగ్గర 61. గడ్డిపోచ వేస్తే వేసిన చోటే ఉంది. దారి రెండు అంచుల్లో వెదురు కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టాం, వాటి మధ్యలోంచే నడపడం. అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి అద్దం దించాం. రాత్రంతా కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క దారికి అడ్డంగా చాపలా పరుచుకుని ఉంది. అది రేడియేటర్‌కి చుట్టుకుంటే గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుంది, బండి కింద చక్రాలకి బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటే ఇంకా తంటా. గ్రిల్లు ముందు సన్న కన్నాల వల కట్టాను గానీ, అసలు పని చేసింది ఆ అబ్బాయే, కొడవలి పట్టుకుని బండి ముందు నడుస్తూ కోసి పక్కకి తోసుకుంటూ వెళ్లాడు. మూడు వందల మీటర్లుంటుందేమో. అత్తయ్య ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి నా మోచేతి మీద వేసి, "మెల్లగా నాన్నా, మెల్లగా" అంటూనే ఉంది. పసుపు టేపు ఒక్కసారి కూడా మునగలేదు. మెయిన్ రోడ్డు ఎక్కాక కిందకి వంగి చూస్తే షాఫ్టు చుట్టూ చేతినిండా కాడలు. తీసేసి, బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి కొంత దూరం నడిపి లైనర్లు ఆరబెట్టి, అప్పుడు వేగం పెంచాను. తొమ్మిదిన్నరకి అత్తయ్య మిషన్ మీద ఉంది.

తర్వాత జరిగింది కూడా తెలియాలి, ఇది ఎవరూ రాయరు. నీళ్లలోంచి వచ్చాక హ్యాండ్ బ్రేకు వేయకండి, గేరులో పెట్టి వదిలేయండి. థార్‌కి వెనక డ్రమ్ము బ్రేకులు, వాటిల్లో నీళ్లు, మట్టి చేరి లైనర్లు పట్టేస్తాయి. మర్నాడు డ్రమ్ములు విప్పించాను. లోపల నల్లటి మెత్తటి ఒండ్రు, వేలితో తీస్తే కాటుకలా సాగుతోంది, అదే కొల్లేరు బురద వాసన. కడిగి, లైనర్లని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించారు. ఆయిల్ నాలుగు చోట్లా శుభ్రం. ఎయిర్ ఫిల్టరు పొడి. డైనమో మాత్రం వారం దాటాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమనడం మొదలైంది, ఒండ్రు బేరింగులోకి వెళ్లింది. విప్పి, కడిగి, బేరింగ్ మార్చి 2,600. లోతు నీళ్లలో దిగే బండికి డైనమో అరిగిపోయే వస్తువే అనుకోమన్నారు బాబాయ్. కార్పెట్లు తీసేసి మూడు రోజులు ఎండలో పెట్టినా వాసన పోవడానికి నెల పట్టింది.

మొత్తం లెక్క: కిట్ 18,500, బిగింపు 4,000, బ్రీదర్లు 3,200, ఆయిళ్లు 4,800, గ్రీజు, ప్లేటు 1,100, పొగ పరీక్ష 800, ఇన్సూరెన్స్ 2,900, డైనమో 2,600. కలిపి 37,900. డబ్బు తక్కువగా ఉంటే ముందు బ్రీదర్లు, ఆయిళ్లు చేయించుకోండి, గొట్టం తర్వాత. 65 సెంటీమీటర్ల లోపు నీళ్లకి నిజానికి గొట్టం కంటే అవే ఎక్కువ పనికొస్తాయి, మేం ఆగస్టులో దాటింది 61లోనే కదా. ఇప్పుడు వాన హెచ్చరిక రాగానే అత్తయ్యని ఒక రోజు ముందే ఏలూరులో మా పెద్దమ్మ ఇంటికి తీసుకొచ్చేస్తున్నాం, అది అన్నిటికంటే చవక. వెనక చక్రం బేరింగ్ ఒకటి సన్నగా మోగుతున్నట్టుంది, వచ్చే వారం ఆటోనగర్ తీసుకెళ్తున్నాను. ఫిల్టర్ డబ్బా బిరడా కూడా అప్పుడే తీయించాలి.